ఆవలి గట్టునకు లాంచీ

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)





పడవ యనగానే రామాయణ పాఠకులకు గుహుడు స్మృతికి వచ్చును. శృంగిబేరపురము కడ గంగ దాటవలసిన వేళ శ్రీరాముడు సుమంత్రుని రథముతో వెనుకకు పంపివేసెను. రథము ఈవలి గట్టుననే నిలిచిపోయెను. మనుష్యులు మాత్రమే ఆవలి గట్టు చేరిరి. పిమ్మట భరతుడు అన్నను వెదకుకొనుచు అదే రేవునకు వచ్చినపుడు గుహుడు ఐదువందల నావలను సమకూర్చెనని వాల్మీకి చెప్పియున్నాడు. కొన్ని నావలలో స్త్రీలు, కొన్నిటిలో గుఱ్ఱములు, కొన్నిటిలో బండ్లును వాటిని లాగు పశువులును గంగ దాటినవట. నేడు గోదావరి రేవులలో పంటు మీదికి మోటారు కారు నెక్కించుచుండగా చూచి యిది యంత్రయుగపు వింత యనుకొనువారు కలరు. వింత యేమియు లేదు. బండిని నీటిమీద దాటించుట ఈ దేశమున మిక్కిలి పాతపని.

ఆ రేవునకు అధిపతి యెవడు? నిషాదరాజు, అడవినే నమ్ముకొని బ్రదుకు జనులకు నాయకుడు. పురమునుండి వచ్చిన రాజకుమారుడు రేవులో నిలిచి పడవ కొఱకు వేచియుండెను. వనవాసి పడవ నిచ్చి దాటించెను. తూర్పు కనుమలలో ఇటీవలి కాలమున ఈ కథ తలక్రిందయ్యెను. అచట కొండవాసులే రేవులో వేచియుండిరి. పడవ పురమునుండి రావలసి యుండెను. ఆ పడవను గూర్చియే నేటి ప్రసంగము.

ద్వీపమను పదమునకు పెద్దలు చెప్పిన వ్యుత్పత్తి యొకటి కలదు. రెండు వైపుల నీరు గలది ద్వీపము. యమునలో అట్టి ద్వీపమున జన్మించుటచేతనే వ్యాసునకు ద్వైపాయనుడను పేరు వచ్చెను. ఆయన తల్లి సత్యవతి తండ్రి యాజ్ఞచే ఆ నదిపై పడవ నడిపి జనులను దాటించుచుండినది. ఐదవ వేదమనదగిన భారతమును చెప్పిన మహర్షి పడవ నడిపిన తల్లి బిడ్డ. కావున ద్వీపవాసి యనగా లోకమునకు దూరమైన అనాగరికుడని తలంచుట తప్పు.

ద్వీపములు రెండు విధములు. నదియో సముద్రమో చేసినవి కొన్ని. మనుష్యుడు చేసినవి కొన్ని. మొదటివానిలో పుట్టినవారు తాతల నాటినుండి నీటితో పొత్తు కుదుర్చుకొందురు. పడవ కట్టుట, తెడ్డు వేయుట, ఈదుట వారికి నడకవంటి విద్యలు. రెండవవానిలో నున్నవారు నిన్న కొండవాలున నడచిపోయినవారు; తెల్లవారునప్పటికి త్రోవ నీటిక్రింద నుండును. వారికి పడవ విద్య కాదు, అగత్యము.

ఈ రెండవ విధపు ద్వీపము అరకులోయకు పడమటి దిక్కున, సీలేరు నది పొడవున ఏర్పడినది.

నది నడకను ముందు చెప్పవలెను. మాడుగుల కొండలలో పుట్టిన ఏరు ఉత్తరముగా పారి మాచ్‌ఖండ్ అను పేరుతో ప్రసిద్ధమైనది. జోలాపుట్టు కడ దానికి ఆనకట్ట కట్టిరి. డుడుమ జలపాతము కడ దాని పతనవేగమును యంత్రములకు పూన్చిరి. మదరాసు, ఒరిస్సా ప్రభుత్వములు 1945లో కుదుర్చుకొన్న యొడంబడిక ఫలితముగా మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించినది. అచటినుండి నది దక్షిణముగా మరలి సీలేరను పేర దిగువకు వచ్చును; మోటు కడ శబరిలో కలియును; శబరి కూనవరము కడ గోదావరిలో కలియును. ఆ నీరే పాపికొండల నడుమ దూరి, ధవళేశ్వరము దాటి, కోనసీమను చుట్టి సముద్రమును చేరును.

సీలేరు రెండు గట్టులును ఒకప్పుడు ఒకే జిల్లాలోనివి. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడువఱకు ఇరువైపుల అడవులును మదరాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాకు చెందియుండెను. ఆ ప్రాంతము జయపురము జమీందారీ. తరువాత నది సరిహద్దయ్యెను. గట్టులు రెండును రెండు రాష్ట్రములలో పడినను, సంతలు, వియ్యములు, దేవతల పండుగలు మాత్రము నది దాటుట మానలేదు.

1962లో ఆంధ్రప్రదేశ్, ఒరిస్సా ప్రభుత్వములు సీలేరు నీటిని చెరి సగము పంచుకొనుటకు ఒడంబడిక చేసికొనినవి. చిత్రకొండ కడ బలిమెల ఆనకట్ట లేచినది. ఒరిస్సా తన పాలు నీటిని పడమటకు మళ్ళించి బలిమెల విద్యుత్కేంద్రమునకు గైకొనినది. అచట మొదటి యంత్రము 1973లో తిరిగినది. ఆ కేంద్రమునుండి వెలువడిన నీరు పొట్టేరు కాలువల ద్వారా మల్కన్‌గిరి పొలములను తడుపును. ఆంధ్రప్రదేశ్ పాలు నీరు నదిలోనే దిగువకు వచ్చి ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు కేంద్రముల యంత్రములను త్రిప్పును.

నీరు ఎక్కుచు వచ్చినకొలది లోయలు మునిగినవి. వరిమళ్ళు, కాలిబాటలు, చింతచెట్లు, పూర్వుల సమాధి రాళ్ళు మునిగినవి. మునిగినవారి కథ ఒకటి. మునుగక మిగిలినవారి కథ వేఱొకటి. మునుగనివారికి భూమి మిగిలెను గాని త్రోవ మిగులలేదు. వారికి ఒకవైపున జలాశయపు పాయలు, మఱియొకవైపున ఆంధ్ర సరిహద్దు కొండలు. నడుమ 151 గ్రామములు చిక్కుకొనెను. కోందులు, పరజలు, దిదాయిలు మొదలగువారు అందు నివసించుచున్నారు. సర్కారు కాగితములలో ఆ సీమకు 'కటాఫ్ ఏరియా' యను పేరు పడినది. తెగిపోయిన చోటు అని దాని యర్థము. తెగిపోయినది ఎవరు తెంపగా అను ప్రశ్నకు ఆ పేరులో జవాబు లేదు.

ఆ తెగిన చోటికి అతుకు ఒక లాంచీ.

చిత్రకొండ రేవున ప్రొద్దుననే నిలిచి చూచినవారికి ఆ లాంచీ విలువ తెలియకపోదు. మంచు విడువకముందే జనులు చేరుచుండిరి. ఆవలినుండి వచ్చు లాంచీలో పసుపు, అల్లము, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకుల కట్టలు, చీపుళ్ళు, కాళ్ళు కట్టిన కోళ్ళు, బెదరిన మేకలు. ఈవలినుండి పోవు లాంచీలో ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, చీరలు, చౌకబియ్యపు బస్తాలు, ఇంటికప్పునకు రేకులు. పిదప మోటారు సైకిళ్ళు వచ్చినవి. నలుగురు పట్టి చక్రములు పైకెత్తి అంచు దాటించి, త్రాడుతో బిగించి కట్టుచుండిరి. ఆ సీమకు కారు వెళ్ళుటకు అప్పుడు త్రోవయే లేకుండెను గనుక, సైకిలును మోటారు సైకిలునే అచట వాహనములుగా నుండెను.

సరంగు చుక్కాని కడ, కళాసీ కొయ్యగడతో ముందు కొనయందు. ఆ గడ అలంకారము కాదు. జలాశయపు అడుగున మునిగిన చెట్ల మోడులు నిలిచియుండును. నీరు నిండుగా నున్నపుడు వాటి ఊసే యుండదు. నీరు తగ్గినకొలది అవి పైకి వచ్చి పడవ అడుగును గీరుటకు పొంచియుండును. ఏ నెలలో ఏ మోడు ఎంత లోతున నుండునో సరంగునకు కంఠపాఠము కావలెను. శ్లోకము తప్పినచో గురువు దిద్దును. ఈ పాఠము తప్పినచో దిద్దువాడుండడు.

నీటి ఏఱ్ఱుతగ్గుల లెక్క ఒకటి శ్రోతలు గుర్తుంచుకొనదగినది. బలిమెల జలాశయపు నిండు మట్టము 1516 అడుగులు. యంత్రములకు నీరీయదగిన కనీస మట్టము 1440 అడుగులు. భేదము 76 అడుగులు. గట్టు వాలు పదడుగులకు ఒక అడుగు చొప్పున నున్నదనుకొన్నచో, నీటి అంచు ఆశ్వయుజమునుండి జ్యేష్ఠమునకు 760 అడుగులు వెనుకకు పోవును. అనగా రేవు ఒకచోట నుండదు. కార్తికములో లాంచీ దిగినచోట ఊరు కనబడును; వైశాఖములో లాంచీ దిగినచోటినుండి బురద మేట దాటి, బస్తా నెత్తిన పెట్టుకొని, ఆ దూరమంతయు ఎక్కవలెను. నీటిని వదలుట, నిలుపుట విద్యుత్తు అవసరమునుబట్టి జరుగును. ఎవని కాలు ఎంత బురదలో దిగునో చూచి జరుగదు. ఎక్కడనో పట్టణములో మీట నొక్కినపుడు దీపము వెలుగును. ఇక్కడ రేవు ఒక జాన దిగువకు జరుగును.

కాలము చెప్పుటకు గడియారమున్నవారికి లాంచీ ఒక ప్రయాణ సాధనము. ఆ ద్వీపవాసులకు లాంచీయే గడియారము. పంతులు వచ్చుట, మందులు వచ్చుట, పింఛను వచ్చుట, పెండ్లివారు వచ్చుట లాంచీ వేళనుబట్టియే. ఆనాటి కడపటి లాంచీ తప్పినవాడు రేవులోనే రాత్రి గడపవలెను. గాలివాన లేచినచో లాంచీ లేదు. యంత్రము చెడినచో లాంచీ లేదు. ప్రసవవేదన మాత్రము లాంచీ వేళ చూచి రాదు. దూరపు గ్రామమునుండి డోలీలో మోసికొనివచ్చిన రోగి నీటి అంచున ఆగి ఆవలి గట్టును చూచుచు పరుండుట, ఆ రేవులో తఱచు కనబడిన దృశ్యము. వైద్యుడు కనుచూపు మేరలోనే యుండును, నడుమ నీరుండును.

ఇచట గోదావరి పంటును తలంచుకొనుట మంచిది. సీలేరు నీరు కడకు చేరు చోటు అదియే గదా. నరసాపురమునకును సఖినేటిపల్లికిని నడుమ వసిష్ఠ గోదావరిపై పంటు చిరకాలము జనులను దాటించినది. రెండు పడవలను జోడించి పైన బల్లలు పఱచినచో పంటు తయారగును. దాని మీద అంతర్వేది యాత్రికులు, కొబ్బరికాయల బస్తాలు, మోటారు సైకిళ్ళు, కార్లు కూడ ప్రక్కప్రక్కన నిలిచి దాటుదురు. బండి ఎక్కించునపుడు బరువు ఒకవైపునకు ఒరగకుండ నిలుపుటలో ఆ పంటువారి నేర్పు కలదు. పంటు రాక ఆలస్యమైనచో అచటివారును విసుగుకొందురు. కాని కోనసీమకు వేఱు త్రోవలు, వేఱు వంతెనలు కలవు. చుట్టు తిరిగియైనను పోవచ్చును. అచట పంటు ఆగినచో కాలము నష్టము. కొండలలో లాంచీ ఆగినచో ప్రాణము నష్టము. రెండును పడవలే, రెండు రేవులలో నిలిచినవాని గుండె దడ మాత్రము ఒకటి కాదు.

ఇపుడు ఒక చిన్న చిట్టా వ్రాసి చూడవలెను. ఇంటి లెక్కయైనను, దేశపు లెక్కయైనను, జమ యొకవైపు, ఖర్చు యొకవైపు వ్రాయనిదే నిజము తేలదు.

జమ వైపున: మాచ్‌ఖండ్ కేంద్రము 120 మెగావాట్లు. బలిమెల కేంద్రము, తరువాత చేర్చిన రెండు యంత్రములతో కలిపి 510 మెగావాట్లు. ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువ సీలేరున మొదట అమర్చిన నాలుగు యంత్రములు 460. కూడిక 1355 మెగావాట్లు. ఇవి గాక పొట్టేరు క్రింద సాగైన పొలములు, దిగువ గోదావరిలో వేసవిని ఆదుకొను నీరు. మొత్తము మీద ఘనమైన జమ. దీనిని చిన్నబుచ్చుట న్యాయము గాదు. ఈ గ్రంథాలయపు గదిలో రాత్రి తొమ్మిది గంటలకు ఒక బాలుడు పుస్తకము చదువుచున్నాడనగా, ఆ వెలుగు ఏదో యొక నది పడి యిచ్చిన వెలుగే.

ఖర్చు వైపున: సిమెంటు, ఇనుము, కూలి, యంత్రముల వెల. ఇవి యన్నియు పద్దులలో ఎక్కినవి. ఎక్కని పద్దు ఒకటి కలదు. 151 గ్రామముల వారు గట్టు చేరుటకు వేచిన దినములు. దశాబ్దముల పాటు, ఇంటింటికి, మనిషికి, నెలకు ఇన్ని దినములని కూడినచో ఆ మొత్తము ఏ పద్దుపుస్తకములోను పట్టదు. వారు నీటిని ఇచ్చిరి, లోయను ఇచ్చిరి, త్రోవను ఇచ్చిరి. వారికి మరల త్రోవ నిచ్చుట దానము కాదు, బాకీ చెల్లింపు. ఈ యొక్క మాట సభవారి మనస్సున నిలిచినచో ఈ ప్రసంగపు ప్రయోజనము నెరవేరినట్లే. లాంచీ నడుపుట సర్కారు చూపిన దయ యని అందఱును అనుకొనుచు వచ్చిరి. కాదు, అది పెద్ద అప్పునకు చెల్లించుచు వచ్చిన చిన్న వడ్డీ.

వడ్డీతో కాలము గడుపు అప్పు పెరుగును. త్రోవ లేని చోటికి అధికారి రాడు. అధికారి రాని చోటికి ఆయుధము వచ్చును. ఆ నీటి నడుమ సీమ మావోయిస్టుల స్థావరమైనది. 2008 జూన్ 29వ తేదీన బలిమెల జలాశయములో లాంచీపై వచ్చుచున్న ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ దళము మీద గట్టు కొండలనుండి కాల్పులు జరిగినవి, లాంచీ మునిగినది, ముప్పది మందికి పైగా మరణించిరి. జనులను దాటించు నీటిదారి ఆనాడు చావుదారి యయ్యెను. 2011 ఫిబ్రవరిలో మల్కన్‌గిరి కలెక్టరు ఆర్. వినీల్ కృష్ణ, ఆ లోపలి గ్రామముల పనులు చూచుటకు వెళ్ళినపుడు అపహరింపబడి, ఎనిమిది దినముల పిమ్మట విడువబడిరి. ఆయన విడుదల కొఱకు ఆ జిల్లాలోని సామాన్య జనులును వేడుకొనిరి. త్రోవ వెదకుకొనుచు తమ కడకు వచ్చినవానిని జనులు మఱవరు. ఇరువైపుల తుపాకుల నడుమ అధికముగా నలిగినవారు మాత్రము రేవులో బస్తా దించుకొని కూర్చున్న ఆ జనులే. అలజడి జరిగిన ప్రతిపర్యాయమును వారి ఉప్పు, వారి బియ్యము, వారి మందు వెనుకబడినవి.

ఇక వంతెన మాట. వాల్మీకి రామాయణమున సేతునిర్మాణపు లెక్క స్పష్టముగా కలదు. మొదటి దినము పదునాలుగు యోజనములు, రెండవ దినము ఇరువది, మూడవ దినము ఇరువది యొకటి, నాల్గవ దినము ఇరువది రెండు, ఐదవ దినము ఇరువది మూడు. కూడిన నూఱు. పని సాగినకొలది చేయి తిరిగి దినదినమునకు వేగము హెచ్చినదని కవి ఆ యంకెలలోనే చెప్పినాడు. జలాశయపు గురుప్రియ పాయపై వంతెనకు 1980 దశకముననే పునాదిరాయి పడినది. రాయి పడెను గాని స్తంభములు లేవలేదు. గుత్తకు ముందుకు వచ్చినవారు కొందఱు భయముచే వెనుదిరిగిరి. కట్టుబడికి కాపలా వేయవలసి వచ్చెను. ఎట్టకేలకు 2018 జూలై 26వ తేదీన నాటి ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్ ఆ వంతెనను ప్రారంభించిరి. పొడవు 910 మీటర్లు. నూఱు యోజనములకు ఐదు దినములు. కిలోమీటరు నిండని దూరమునకు మూడు దశాబ్దములకు పైచిలుకు. నలుని నేర్పు నేటి యింజనీర్లకు లేక కాదు. రామునకు ఆవలి గట్టున తన మనిషి యుండెను; అందుకు ఆ త్వర. ఆవలి గట్టునున్నవారు తనవారని తోచినపుడే వంతెన త్వరగా లేచును.

వంతెనతో పాటు ఆ సీమ పేరును మారినది. 'కటాఫ్ ఏరియా' పోయి 'స్వాభిమాన్ అంచల్' అను పేరు వచ్చినది. తెగిన చోటు అభిమానపు చోటయ్యెను. పేరు మార్పు చిన్న విషయమని నవ్వువారుందురు. ద్వైపాయనుడను పేరు గౌరవమైనట్లే, ఇదియు గౌరవము కావచ్చును. అది ఇకమీద నడచు నడవడిని బట్టి యుండును. వంతెన పడిన పిమ్మట రోగి బండి నీటి అంచున ఆగనక్కఱలేదు. బియ్యపు లారీ ఆవలి గట్టునకు తిన్నగా పోగలదు. ఇది సంతోషింపదగిన మాట.

అయితే వంతెన పడినంతనే పడవ కథ ముగిసినదని తలంచుట పొరపాటు. వంతెన ఒక వాకిలి. ద్వీపమునకు వేళ్ళవలె చీలిన నీటి పాయలు అనేకములు. ఒక పాయకు ఆవల నున్న ఊరివాడు వంతెన కడకు చుట్టు తిరిగి పోవుటకంటె ఎదుటి గట్టునకు నాటుపడవలో దాటుటయే దగ్గఱ యనుకొనును. ఎగువన జోలాపుట్టు జలాశయపు అంచులలో, ముంచింగిపుట్టు వైపు గ్రామములవారును నాటుపడవలనే నమ్ముకొన్నారు. 2021 మే నెలలో, వ్యాధిభయమున పనులు మూతబడగా హైదరాబాదునుండి ఇండ్లకు మరలిన కూలీలు రాత్రివేళ రెండు నాటుపడవలలో సీలేరు జలాశయమును దాటబోయిరి. పడవలు మునిగినవి. పసిబిడ్డలతో సహా పలువురు నీటి పాలైరి. వారి యూళ్ళు చిత్రకొండ ప్రాంతమునవే. పెద్ద వంతెన లేచి అప్పటికి మూడేండ్లు కావచ్చినది. పెద్ద వంతెన చిన్న పడవ ప్రమాదమును తొలగింపలేదు.

కావున చేయవలసినవి కొన్ని మిగిలియున్నవి. అవి గొప్ప ధనముతో కూడినవి కావు. మొదటిది, ప్రతి రేవునను నీరు దిగినను ఎక్కినను కాలు జారకుండ రాతిమెట్లు నిండు మట్టమునుండి కనీస మట్టము వఱకు కట్టుట. డెబ్బదియాఱడుగుల ఎత్తునకు మెట్లనగా ఒక చిన్న గుడికొండ మెట్లు. ఏ దేవునికైనను భక్తులు కట్టింతురు, ప్రసవించు తల్లికి కట్టరాదా? రెండవది, ప్రతి పడవ ప్రక్కను ఎంతమంది ఎక్కవచ్చునో అంకె వ్రాసి, నీరు ఏ గీత దాటరాదో ఆ గీతను రంగుతో గీయుట. అక్షరము రానివాడును గీతను చదువగలడు. మూడవది, ఎక్కువారికి లెక్కకు సరిపడు లైఫ్ జాకెట్లు. నాల్గవది, చీకటి పడిన పిమ్మట పడవ కదలకుండ రేవులో ఒక కాపరిని, తలదాచుకొనుటకు ఒక సావడిని ఏర్పరచుట. రాత్రి నిలువ నీడ యున్నవాడు చీకటిలో పడవ ఎక్కడు. ఈ నాలుగును పంచాయతీలు అడుగవలసినవి, అడుగుటకు తెలిసియుండవలెను, తెలియుటకు చదువుకొనవలెను.

ఇచటనే గ్రంథాలయము మాట వచ్చును. ఆంధ్ర గ్రంథాలయోద్యమ చరిత్రలో ఒక మనోహరమైన ఘట్టము కలదు. 1935లో పాతూరి నాగభూషణము కృష్ణా డెల్టా కాలువలో పడవపై గ్రంథాలయము నడిపించిరి. బస్తాలతో, ప్రయాణికులతో పోవు పడవలలో పుస్తకములును చోటు చేసికొని ఊరూర దిగినవి. పాఠకుడు పుస్తకము కడకు రాలేనిచో పుస్తకమే పాఠకుని కడకు పోవలెనని ఆ పెద్దల తలంపు. కాలువ గట్టు గ్రామములకు ఆ పడవ ఒక పండుగ. పురాణ కాలక్షేపమునకు వెళ్ళలేని ముసలివాడు, ఇల్లు విడువలేని గృహిణి, బడి మానిన కుఱ్ఱడు గట్టున నిలిచి పుస్తకము నందుకొనియుందురు. గుహుని పడవ బండ్లను దాటించినది. నాగభూషణము పడవ అక్షరమును దాటించినది.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము కూడ ఒక పంటు వంటిదియే. ఎఱిగినవాడు ఒక గట్టు, ఎఱుగనివాడు ఒక గట్టు. నడుమ నీరు కలదు. బల్లలు పఱచి, ఒరగకుండ నిలిపి, ఒకరిని విడువకుండ ఎక్కించుట దీని పని. ఎక్కుటకు వచ్చినవానిని నీవు ఏ గట్టువాడవని పంటువాడు అడుగడు. కొండ దిగి సంతకు వచ్చిన బాలుడు ఈ గది గుమ్మమున నిలిచి లోనికి చూచినపుడు, వానిని లోనికి పిలిచి కూర్చుండబెట్టుట ఈ గ్రామస్థుల విధి. వాని భాష వేఱు కావచ్చును. బొమ్మల పుస్తకమైనను చేతికీయవచ్చును. వాని లోయ నీరు ఈ గదికి దీపమై వచ్చినది. వాని బాకీలో ఒక చిన్న కంతు ఈ గదిలోనే చెల్లింపవచ్చును.

లాంచీ సరంగులు, కళాసీలు, పంటువారు, నాటుపడవల వారు చరిత్ర గ్రంథములలో పేరు లేనివారు. సేతువునకు ఇసుక మోసిన ఉడుత కథ వాల్మీకమున కానరాదు. మన రంగనాథ రామాయణమున కలదు. సంస్కృతమున లేని ఆ చిన్న ప్రాణికి తెలుగువారు తమ రామాయణములో చోటిచ్చిరి. చిన్నవాని సేవను గుర్తించుట తెలుగు జాతి గుణమని దాని తాత్పర్యము. వంతెన లేచువఱకు గాలిలో, వానలో, మోడుల నడుమ, తుపాకుల నడుమ జనులను దాటించినవారికి ఈ సభ మనసార నమస్కరించుట ఉచితము. అంతకంటె ఉచితమైనది, ఇంకను రేవులో వేచియున్నవారిని మఱవకుండుట.

స్వస్తి.